చెరువు చిన్నది, తూము పెద్దది: ఫార్ములా వన్‌లో కరెంటు తగువు

ఒంగోలు దాటి నెల్లూరు వైపు వెళ్తుంటే టంగుటూరు టోల్‌ప్లాజా వస్తుంది. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైట్ బ్లాకులు ఎత్తుకొచ్చే లారీలు అక్కడ మూలుగుతూ ఆగుతాయి. పక్క వరుసలో కారు అద్దం దించితే కాలిన బ్రేకుల వాసన ముక్కుకు తగులుతుంది. సరుకుతో కలిపి 30 టన్నుల లారీ అనుకుందాం. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి అది పూర్తిగా ఆగేసరికి దాదాపు 4.2 మెగాజౌళ్ల శక్తి బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. మన ఇంటి మీటరు లెక్కలో అది ఒక యూనిట్ దాటి మరికొంత. 2014 నుంచి 2025 దాకా ఫార్ములా వన్ కారు ఒక ల్యాప్‌లో, అంటే ట్రాక్ ఒక చుట్టులో, బ్యాటరీ నుంచి ఇంజిన్‌కు తోడుగా ఉండే కరెంటు మోటారుకు పంపుకోవడానికి నిబంధనలు ఒప్పుకున్న శక్తి 4 మెగాజౌళ్లు. గ్రానైట్ లారీ ఒక్కసారి ఆగితే అంత శక్తి పోతోందన్న మాట.

పోయే శక్తిని పట్టుకుని మళ్లీ చక్రాలకే ఇద్దామన్న ఆలోచనను తప్పుపట్టలేం. అయినా మోటార్ రేసింగ్‌లో దీని మీద పదిహేనేళ్లకు పైగా తగువు నడుస్తోంది. 2026 నిబంధనలతో అది ముదిరింది. నెల్లూరులో ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు రేసున్న ఆదివారం అన్నం కూడా ఫోను ముందే తింటాడు. వాడిది ఒకటే మాట: "ఫుల్లుగా తొక్కాల్సిన చోట బ్యాటరీ కోసం కాలు తీసేస్తే అదేం రేసు మామా?" పాత వి-10 (పది సిలిండర్ల) ఇంజిన్ల మోత వింటూ పెరిగిన నా వయసువాళ్లూ ఇదే అంటున్నారు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది. అయితే అది పడాల్సిన చోట పడటం లేదు. బ్రేకుల నుంచి శక్తిని రాబట్టడం ఈ ఆటను చెడగొట్టలేదు. రాబట్టేదానికీ ఖర్చు పెట్టమనేదానికీ పొంతన లేకపోవడం, ఆ ఖర్చు డ్రైవర్ చేతి నుంచి సాఫ్ట్‌వేర్ చేతికి పోవడం, చూసేవాడికి ఏదీ కనబడకపోవడం చెడగొడుతున్నాయి.

2009లో కెర్స్ (కైనెటిక్ ఎనర్జీ రికవరీ సిస్టమ్) పేరుతో బ్రేకు శక్తిని రాబట్టే ఈ పద్ధతి ఫార్ములా వన్‌లోకి వచ్చినప్పుడు లెక్క చాలా చిన్నది. మోటారు 60 కిలోవాట్లు, అంటే సుమారు 80 హార్స్‌పవర్. ల్యాప్‌కు 400 కిలోజౌళ్లు. భాగించి చూస్తే ఆరున్నర సెకన్ల పైచిలుకు. స్టీరింగ్ మీద ఒక బటన్ ఉండేది. ఆ ఆరున్నర సెకన్లు ఎక్కడ వాడాలో డ్రైవర్ ఇష్టం. అసలు ఆ పరికరం పెట్టుకోవాలా వద్దా అన్నది జట్టు ఇష్టం. డ్రైవర్‌తో కలిపి కనీస బరువు 605 కిలోలే ఉన్న రోజులవి. అందులో పాతిక ముప్పై కిలోలు ఈ పరికరానికే పోతే మిగతా బరువును కావాల్సిన చోట సర్దుకునే వీలు తగ్గేది. అందుకే బీఎండబ్ల్యూ సాబర్‌లో పొడగరి రాబర్ట్ కుబికా సీజన్ మొదట్లో కెర్స్ లేకుండా దిగాడు, అతని సహచరుడు నిక్ హైడ్‌ఫెల్డ్ దానితోనే దిగాడు. ఒకే జట్టు, రెండు లెక్కలు.

ఆ ఏడాది బెల్జియం రేసు మనవాళ్లు మరిచిపోకూడనిది. భారతీయ జట్టు ఫోర్స్ ఇండియా కారులో జియాన్‌కార్లో ఫిసికెల్లా అందరికంటే ముందు వరుసలో బయల్దేరాడు. ఆ కారులో కెర్స్ లేదు. ప్రమాదం తర్వాత అందరినీ నెమ్మదిగా నడిపించే సేఫ్టీ కారు పక్కకు తప్పుకోగానే ఫెరారీలోని కిమి రైకోనెన్ బటన్ నొక్కి, కొండ ఎక్కే పొడవాటి స్ట్రెయిట్‌లో ఫిసికెల్లాను దాటేశాడు. ఆ తర్వాత రేసంతా ఫిసికెల్లా వెన్నంటే ఉన్నాడు, దాటలేకపోయాడు. చివరికి ఇద్దరి మధ్య తేడా సెకను లోపే. ఆ రోజు నాకు ఎంత బాధ కలిగినా ఒకటి మాత్రం ఒప్పుకోవాలి: ఏం జరిగిందో ప్రతి ఒక్కరికీ అర్థమైంది. ఎక్కడ నొక్కాడు, ఎందుకు నొక్కాడు, అవతలివాడి దగ్గర ఏం లేదు, అన్నీ కళ్లముందే ఉన్నాయి. ఆ ఏడాది టైటిళ్లు మాత్రం కెర్స్ లేని బ్రాన్ జట్టుకు, జెన్సన్ బటన్‌కు వెళ్లాయి. అది అచ్చంగా వాదించుకోదగ్గ పోటీ.

2014లో బొమ్మ మారిపోయింది. 1.6 లీటర్ల వి-6 టర్బో ఇంజిన్, 120 కిలోవాట్ల మోటారు, ల్యాప్‌కు 4 మెగాజౌళ్లు. భాగిస్తే 33 సెకన్లు. 2026లో మోటారును ఒక్కసారిగా 350 కిలోవాట్లకు పెంచారు. ల్యాప్‌లో రాబట్టుకోగల శక్తి సుమారు 8.5 మెగాజౌళ్లు. శక్తి రెట్టింపు దాటింది కదా అనిపిస్తుంది. భాగించి చూడండి: 24 సెకన్లు. ఇటలీలోని మోంజా లాంటి ట్రాక్ మీద ల్యాప్ 80 సెకన్ల చుట్టూ ఉంటుంది, అందులో చాలా భాగం యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి ఉంచాల్సినదే. పైగా ఇంజిన్ వాటాను 400 కిలోవాట్ల దాకా కుదించారు. బ్యాటరీ చేతులెత్తేస్తే కారు బలంలో దాదాపు సగం పోతుంది.

మా నెల్లూరు ఆయకట్టు రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. చెరువు చిన్నది, తూము పెద్దది. తూము ఎత్తగానే మొదటి మడికి నీళ్లు ఉరుకుతాయి, చివరి భూములకు చుక్క అందదు. ట్రాక్ మీద ఆ చివరి భూములు స్ట్రెయిట్ చివర్లు. కారు అన్నిటికంటే వేగంగా పోవాల్సిన చోటే మోటారు సాయం తగ్గిపోతుంది. ఒక్కోచోట డ్రైవర్ పూర్తిగా తొక్కి ఉంచినా మోటారు తిరగబడి, ఇంజిన్ బలాన్నే లాక్కుని బ్యాటరీ నింపుకుంటుంది. దీన్ని సూపర్ క్లిప్పింగ్ అంటున్నారు. డ్రైవర్ కాలు ఒకటి చెబుతుంటే కారు మరొకటి చేయడమంటే ఇదే, మా మేనల్లుడి కోపమంతా దీని మీదే. రేసులో మోటారు బలాన్ని 200 కిలోవాట్లకు తగ్గిద్దామన్న ప్రతిపాదన 2025లోనే చర్చకు వచ్చింది. అప్పుడు అదే 8.5 మెగాజౌళ్లు 42 సెకన్లు వస్తాయి. ఎవరికీ కొత్త పరికరం అక్కర్లేదు, తూము కాస్త దించితే చాలు. ఇంత తేలికైన దారికి అప్పుడే ఒప్పుకోకపోవడం నన్ను ఇప్పటికీ బాధపెడుతోంది.

అయితే, "శక్తిని దాచుకోవడం పోటీ కాదు" అనే మాటను మాత్రం ఒంగోలు గిత్తలు పుట్టిన నేల మీద నిలబడి ఎవరూ అనకూడదు. సంక్రాంతికో తిరునాళ్లకో మన ఊళ్లలో జరిగే బండలాగుడు పోటీలు చూడండి. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, సీనియర్స్ అని విభాగాలు. ఒక్కో జతకు నిర్ణీత సమయం. ఆ సమయంలో బండను ఎన్ని అడుగులు లాగితే అంత. మొదటి రెండు మూడు చుట్లలోనే గిత్తలను విరగబడి ఉరికించిన జత ఆఖర్లో మోకాళ్ల మీద పడుతుంది. బలాన్ని ఆఖరి నిమిషాలకు దాచుకున్న జత నిదానంగా అడుగులు పెంచుకుంటూ పోతుంది. తోలేవాళ్ల పనితనమంతా అందులోనే ఉంది. చుట్టూ నిలబడ్డ జనం ఆ పనితనానికే ఈలలు వేస్తారు. అది పోటీ కాదని అన్నవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

తేడా ఎక్కడుందంటే, అక్కడ గిత్త రొప్పడం కనిపిస్తుంది. నురగ కనిపిస్తుంది. కాలు వణకడం కనిపిస్తుంది. ఎన్ని అడుగులైందో, ఎంత సమయం మిగిలిందో మైకులో చెబుతూనే ఉంటారు. ఫార్ములా వన్‌లో రొప్పు బ్యాటరీది, అది కార్బన్ ఫైబర్ లోపల ఉంది. ఒక కారు మరో కారును గంటకు 40, 50 కిలోమీటర్ల ఎక్కువ వేగంతో దాటిపోతే అది ధైర్యమో, అవతలివాడి బ్యాటరీ అయిపోయిందో చూసేవాడికి తెలియదు. తెలియని దానికి ఈల ఎలా వేస్తాడు?

ఇది చేతగాని పనేమీ కాదు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున పూర్తిగా కరెంటుతో నడిచే కార్ల ఫార్ములా-ఇ రేసు జరిగింది. ఆ కార్లు ముందు వెనుక మోటార్లతో కలిపి 600 కిలోవాట్ల దాకా బ్రేకింగ్ శక్తిని వెనక్కి లాగుతాయి. రేసులో ఖర్చయ్యే శక్తిలో సుమారు 40 శాతం అలా వచ్చేదే. ప్రతి కారులో ఎంత శాతం మిగిలిందో తెర మీద కనిపిస్తుంది. ఆఖరి ల్యాపుల్లో జాన్-ఎరిక్ వెర్న్ దగ్గర వెనకనున్న నిక్ కాసిడీ కంటే తక్కువ శక్తి ఉంది. అయినా మలుపు మలుపులో దారి మూసి గెలిచాడు. ఆ అంకెలు తెర మీద లేకపోతే అది ఇద్దరు ఒకరి వెనుక ఒకరు పోవడమే. అంకెలు ఉన్నాయి కాబట్టి ఊపిరి బిగబట్టి చూశాం. మరుసటి ఏడాది ఆ రేసు రద్దు కావడం తెలుగు నేలకు నష్టమే.

ఎనర్జీ రికవరీని సమర్థించేవాళ్లు చెప్పే పెద్ద మాట ఇంకోటి ఉంది: రేసులో పుట్టిన పరిజ్ఞానం రేపు మన రోడ్డు మీదికి వస్తుందని. నేను రికవరీ పక్షం వాణ్ణే అయినా ఈ వాదనను నమ్మను. ఫార్ములా వన్ మొదటి కెర్స్ కారు కంటే పన్నెండేళ్ల ముందే, 1997లో టయోటా ప్రియస్ జపాన్ రోడ్ల మీద బ్రేకు శక్తిని బ్యాటరీలో దాచుకుంది. మన రైల్వేలో త్రీ ఫేజ్ కరెంటు ఇంజిన్లు 1990ల నుంచే ఉన్నాయి. గూడూరు-విజయవాడ లైనులో అలాంటి ఇంజిను తగిలించిన రైలు ఒంగోలు స్టేషన్ ముందు వేగం తగ్గించినప్పుడు మోటార్లే జనరేటర్లయి కరెంటును పైన తీగలోకి తిప్పి పంపుతాయి. తిరుమల ఘాట్‌లో దిగే ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సు దిగుతూ బ్యాటరీ నింపుకుంటుంది. వీటిలో దేనికీ రేసు కారు గురువు కాదు. రోడ్డుకు పనికొస్తుందన్న సాకుతో ఆటను వంచడం మొదలుపెడితే ఆట పోతుంది, రోడ్డుకు ఒరిగేదీ ఉండదు.

నిజంగా రేసింగే పండించిన పంట ఒకటుంది, దాన్నే పీకేశారు. 2014 నుంచి 2025 వరకు వాడిన ఎంజీయూ-హెచ్ అది. ఎగ్జాస్ట్ వేడి గాలితో తిరిగే టర్బో ఇరుసుకు బిగించిన మోటారు. నిమిషానికి 1,25,000 చుట్లు దాకా తిరగొచ్చు. పొగగొట్టం లోంచి పోయే శక్తిని కరెంటుగా మార్చేది, తొక్కగానే టర్బో అందుకోవడంలో జరిగే ఆలస్యాన్ని కూడా పూడ్చేది. దానితోనే 2017లో తమ ఇంజిన్ టెస్ట్ బెంచ్ మీద ఉష్ణ సామర్థ్యం, అంటే ఇంధనం శక్తిలో పనిగా మారే వాటా, 50 శాతం దాటిందని మెర్సిడెస్ ప్రకటించింది. మన రోడ్ల మీద మామూలు పెట్రోలు ఇంజిన్లు మూడో వంతు దగ్గర తిరుగుతున్నాయి. ఖర్చు ఎక్కువ, తయారు చేయడం కష్టం, అది ఉంటే కొత్త కంపెనీలు రావు అన్న కారణాలతో 2026కు తీసేశారు. దాని ఫలితంగా ఆడి వచ్చింది, హోండా తిరిగొచ్చింది, నిజమే. కానీ ల్యాప్ పొడుగునా సన్నగా నీళ్లు తెచ్చే ఆ కాలువ పూడ్చేసి, తూము మాత్రం మూడింతలు చేశారు. అసలు చిక్కు పుట్టింది ఇక్కడే.

మొత్తం తీసిపారేయాలనే వాళ్లు ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌ను చూపిస్తారు. అక్కడ 2022లో 100 కిలోవాట్ల హైబ్రిడ్ పెట్టి, ఖర్చు, బరువు చూసి 2025లో తీసేశారు. కొండదారుల్లో, దుమ్ములో నడిచే ఆటకు అది సరే. ఫార్ములా వన్‌కు అలా కుదురుతుందనుకోను. 300 కిలోమీటర్ల వేగం నుంచి 100కు పడిపోయే 800 కిలోల కారు ఒక్క మలుపులో రెండున్నర మెగాజౌళ్లు పారబోస్తుంది. ప్రపంచంలోని మంచి ఇంజినీర్లు దాన్ని చూస్తూ ఊరుకోవడం నాకు నచ్చదు.

ఇప్పుడు మళ్లీ వి-8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ మాట నడుస్తోంది. ప్రపంచ మోటార్ రేసింగ్‌ను నడిపే సమాఖ్య ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మొహమ్మద్ బెన్ సులేయమ్ 2025లో మొదట వి-10 అన్నారు, తర్వాత వి-8 వైపు మొగ్గారు. అది వస్తే పక్కన చిన్న మోటారు ఉండనివ్వాలి, 100 కిలోవాట్ల చుట్టూ చాలు. దాన్ని పూర్తిగా బటన్‌కు అప్పగించాలి, ఎక్కడ వదలాలో సాఫ్ట్‌వేర్ కాకుండా డ్రైవర్ వేలే నిర్ణయించాలి. బయల్దేరే వరుసను తేల్చే క్వాలిఫయింగ్ ల్యాప్‌లో కాలు తీసే అవసరం రాకుండా లెక్క కట్టాలి. ప్రతి కారు పేరు పక్కన మిగిలిన శక్తి అంకె రేసంతా నిలిచి ఉండాలి.

ఈ చివరిది చెప్పగానే మా వాడు ఫోను పక్కన పెట్టి అడిగాడు: "ముందు కారుకు 12 శాతం ఉందని తెలిస్తే వెనకవాడు ఆగి కొడతాడు కదా మామా, మజా పోదా?" బండలాగుడులో అవతలి జత ఎన్ని అడుగులు లాగిందో తెలిసే కదరా తరువాతి జత బరిలోకి దిగుతుంది అన్నాను. వాడు కాసేపు ఆలోచించి, వచ్చే తిరునాళ్లకు తనను కూడా తీసుకెళ్లమన్నాడు.