సవరణ: ఆకాశపు మ్యాపు అక్కర్లేదన్నది తప్పు

దక్షిణాఫ్రికా కరూ ప్రాంతంలో చాలా డిష్ యాంటెన్నాలతో ఉన్న హెరా రేడియో టెలిస్కోపు గురించి రాసిన పోస్టులో, ఒకే ఎడంతో ఒకే దిశలో ఉన్న యాంటెన్నా జతలను పోల్చుకుంటే చాలు, క్యాలిబ్రేషన్‌కి, అంటే యాంటెన్నాల కొలతల్ని సరిచేయడానికి, ఆకాశపు మ్యాపుతో పనే లేదు అన్నాను. అది తప్పు.

అలాంటి జతలన్నీ ఒకే సంకేతం చూపాలి. చూపకపోతే తేడా యాంటెన్నాలదే. ఇంతవరకు సరే. కానీ సంతలో పది కాటాలూ ఒకే తూకం చూపినంత మాత్రాన కిలో కిలోనే అని నమ్మలేం కదా, ముద్ర వేసిన రాయి ఒకటి ఉండాలి. ఇక్కడా అంతే. మొత్తం తీవ్రత ఎంతో, ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందన్నది) ఏ వైపుకి వాలిందో జతల పోలికలో తేలదు. చోటూ ప్రకాశమూ ముందే తెలిసిన రేడియో గెలాక్సీలే, అంటే ఆకాశపు మ్యాపే, ఆ ముద్ర రాయి.

హెరా వెతికే, తొలి నక్షత్రాల కాలపు హైడ్రోజన్ సంకేతం మన పాలపుంత రేడియో హోరు కంటే వేల రెట్లు బలహీనం. క్యాలిబ్రేషన్‌లో ఫ్రీక్వెన్సీని బట్టి మారే చిన్న పొరపాటు దొర్లినా ఆ హోరు కాస్తా సంకేతం వెతికే చోటికే వచ్చి పడుతుంది.

ఇంకోటి. డిష్‌లు ఆకాశాన్ని వెంబడిస్తూ తిరుగుతాయని రాశాను. స్తంభాలకి వైరు వల బిగించి కట్టిన ఆ 14 మీటర్ల డిష్‌లు కదలవు, నడినెత్తికేసే చూస్తుంటాయి. తిరిగేది భూమి. దీనికి సాకు కూడా లేదు, ఫొటో సరిగ్గా చూసినా తెలిసేది.