వంటింటి అష్టావధానం

అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగి పని ఒక్కటే. పద్యం సరిగ్గా పాకాన పడుతున్న వేళ అడ్డొచ్చి తిక్క ప్రశ్న వేయాలి. అవధాని తట్టుకుంటే శాలువా కప్పుతారు. డెబ్బై ఏళ్ల ఇల్లాలు పొయ్యి మీద పాలు పెడితే ఇంటిల్లిపాదీ ఆ పదవికి పోటీపడతారు. "బామ్మా, నా సాక్సులేవి?" గుమ్మంలో గ్యాస్ బండ దించిన అబ్బాయి: "ఓటీపీ చెప్పండమ్మా." పాలు పొంగాయా, "అమ్మకు మతిమరుపు" అనే తీర్మానం ఏకగ్రీవం.

దానికి చిన్న సవరణ. ఇది మరుపు కాదు, మార్పు సుంకం. పని మారినప్పుడల్లా మెదడు కొంత సమయం వసూలు చేస్తుందని 1927లోనే జెర్సిల్డ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త లెక్కకట్టాడు. ఈ సుంకం పాతికేళ్లవాడికీ తప్పదు. వయసు మీదపడ్డాక ఎక్కువగా బరువయ్యేది, చిత్రంగా, మళ్లే ఆ ఒక్క క్షణం కాదు. రెండు పనులనూ ఒకేసారి తలలో సిద్ధంగా ఉంచుకోవడం. "బండ వస్తుంది, చూస్తుండు" అని చెప్పి వెళ్లినప్పటి నుంచే మీటరు తిరుగుతోందన్నమాట.

2011లో శాన్‌ఫ్రాన్సిస్కో పరిశోధకులు ఒక ప్రకృతి దృశ్యాన్ని గుర్తుంచుకోమని చెప్పి, మధ్యలో ఒక ముఖం చూపించి దాని మీద ప్రశ్న వేశారు. ముఖం వైపు అందరి మెదడూ మళ్లింది. కుర్రవాళ్లు దాన్ని వదిలి దృశ్యానికి తిరిగొచ్చారు. పెద్దవాళ్లకు ఆ ముఖం ఒక పట్టాన వదల్లేదు. బండ అబ్బాయి వీధి దాటినా ఆవిడ తలలోంచి ఇంకా దిగలేదని అర్థం.

కనుక పృచ్ఛకులకు నియమావళి. చెంచా ఉప్పు డబ్బాలో ఉండగా పిలవరాదు. పిలిచినవాడే పొయ్యి సిమ్‌లో పెట్టాలి. ఓటీపీని కాగితం మీద రాసివ్వాలి. సందేశం వెతుకుతూ, అంకెలు మోస్తూ, కూర తిప్పమంటే మూడు పనులు. ఉప్పు వేశాక డబ్బాను పొయ్యికి అవతలి పక్కకు జరిపితే "వేశానా, లేదా" అనే విచారణ కమిషన్ అక్కర్లేదు. పాలు పెట్టిన సంగతి గుర్తుచేసినా తెలియకపోతే మాత్రం అది వేరే కథ. డాక్టరుకు చూపించాలి, వెక్కిరించకూడదు.

ఇక ధారణ. రాత్రి భోజనాల దగ్గర అది ఆవిడే చేస్తుంది: ఎవరెవరు, ఏ కూర మధ్యలో, ఎందుకు అడ్డొచ్చారో వరసగా, అక్షరం పొల్లుపోకుండా.