సవరణ: క్వేజార్లకు మనం సిగ్నల్ పంపం

భూమిని కొలిచే కేంద్రాలు క్వేజార్లకు, అంటే ఎంతో దూరపు గెలాక్సీల నడిబొడ్డున ధగధగా వెలిగేవాటికి, రేడియో సిగ్నల్ పంపి, అది తిరిగొచ్చే సమయం లెక్కిస్తాయని నిన్న రాశాను. తప్పు. గుంటూరు నుంచి ఒక మాస్టారు ఫోన్ చేసి, "వెళ్లి రావడానికి వందల కోట్ల ఏళ్లు పడుతుంది కదయ్యా" అన్నారు. సిగ్గేసింది.

అక్కడ పంపేదేమీ లేదు, క్వేజార్ల నుంచి వచ్చే రేడియో తరంగాలను డిష్ యాంటెన్నాలతో వినడమే. ప్రకాశం బ్యారేజీకి బెజవాడ వైపు ఒకరు, సీతానగరం వైపు ఒకరు నిలబడి ఒకే రైలు కూత విన్నారనుకోండి. కూత ఏ దిక్కు నుంచి వచ్చిందో తెలిస్తే, ఎవరికి ఎంత ఆలస్యంగా వినపడిందన్న దాన్నిబట్టి మధ్య దూరం తేలుతుంది. ఖండాల అవతలున్న డిష్‌ల మధ్య దూరాన్నీ ఇలాగే మిల్లీమీటర్ల లెక్కన పట్టేస్తారు.

పంపి, తిరిగి పట్టుకునేది లేజర్‌ని. 1976లో ఎగిరిన లాజియోస్ ఉపగ్రహం 60 సెంటీమీటర్ల గుండు, కింది నుంచి పంపిన లేజర్‌ను వచ్చిన దారినే తిప్పి పంపేందుకు ఒంటినిండా 426 అద్దాలు. ఈ రెండు పద్ధతులనూ కలిపేశాను.