ఆఫీసు టైమ్ దాటాక వచ్చే కాల్‌కి రేటు కట్టాలి

వేసవిలో కాలిఫోర్నియా టీమ్ ఉదయం తొమ్మిదికి మీటింగ్ పెడితే హైదరాబాద్‌లో రాత్రి తొమ్మిదిన్నర. నవంబర్‌లో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు, ఇక్కడ అదే మీటింగ్ పదిన్నరకి జరుగుతుంది. మాదాపూర్‌లో ఉద్యోగం చేసే తల్లి పిల్లలను నిద్రపుచ్చే వేళ కూడా దాంతో పాటే మారాలి. 'ఇంటికెళ్లాక ఫోన్ పక్కన పెట్టండి' అనే సలహా ఆమెకు ఎందుకు పనికొస్తుంది? మీటింగ్ టైమ్ పెట్టింది ఆమె కాదు కదా.

కంపెనీలకు ఇంకో అలవాటుంది, 'మనమంతా ఒక ఫ్యామిలీ' అనడం. ఆదివారం సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్నప్పుడు ఈ చుట్టరికం బాగా గుర్తొస్తుంది. ఉద్యోగంలోంచి తీసేసే రోజు మాత్రం హెచ్ఆర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది, అంతే.

ఫ్రాన్స్‌లో 2017 నుంచి, 50 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థలు, పని వేళల తర్వాత ఫోన్‌కి, మెయిల్‌కి దూరంగా ఉండే హక్కు మీద ఉద్యోగులతో చర్చించి తీరాలి. ఆస్ట్రేలియాలో పని వేళల తర్వాత వచ్చే కాల్‌కి జవాబివ్వకుండా ఉండే హక్కు 2024 ఆగస్టు 26న అమల్లోకి వచ్చింది. ఉద్యోగి అలా తిరస్కరించడం సబబేనా అని తేల్చేటప్పుడు, అందుబాటులో ఉన్నందుకు అతనికి అదనంగా ఏమైనా ఇస్తున్నారా అని కూడా చూస్తారు. నాకు ఆ చట్టంలో నచ్చింది ఇదే.

మన పార్లమెంటులో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి బిల్లే పెట్టారు. అది ప్రైవేటు మెంబర్ బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు పెట్టేది; 1970 తర్వాత ఆ కోవలో ఒక్కటీ చట్టం కాలేదు. పైగా ఇక్కడ గాలి ఎదురుగా వీస్తోంది. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి అంటే, 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ 90కి తీసుకెళ్లారు. అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల పనిని అనుమతించింది, వారానికి 48 గంటల పరిమితి ఉందనుకోండి.

అందుకే హక్కు వచ్చేదాకా ఆగకుండా ముందు రేటు అడగాలంటాను. చాలా సపోర్ట్ ప్రాజెక్టుల్లో ఆన్‌కాల్ అలవెన్స్, అంటే పిలిస్తే పలికేందుకు సిద్ధంగా ఉన్నందుకు ఇచ్చే డబ్బు, ఉన్నదే. అది ఉన్నచోట ఎవరి వంతో వాళ్లకే ఫోన్ వెళ్తుంది, మిగతావాళ్లు పడుకుంటారు. అలవెన్స్ లేనిచోట మేనేజర్ పదిమందినీ లేపగలడు, ఆయనకు పోయేదేమీ లేదు. రాత్రి గంటలకు విడిగా బిల్లు పడితే, 'ఈ మీటింగ్ నిజంగా అవసరమా' అని క్లయింటే అడుగుతాడు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో ఈ మందు పనిచేయదు, అక్కడ బిల్లు కట్టే క్లయింట్ ఉండడు. 'రేపు పదికల్లా వివరాలు పంపాలి' అని టీచర్ల వాట్సాప్ గ్రూపులో రాత్రిపూట మెసేజ్ పెట్టే అధికారిని ఆపాలంటే పైనుంచి రాతపూర్వక ఉత్తర్వు రావాలి. వరదలు, ఎన్నికల వంటి వాటికి మినహాయింపు ఇస్తే చాలు. మిగతా వివరాలు ఉదయం బడి తెరిచాక అడగొచ్చు.