కాలర్ లేని పంతులుగారికి కాలర్ మైకు

పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఒడిశాలో ఆంధ్రా సరిహద్దునున్న మా పర్లాకిమిడి వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలుపెడుతుంది. ఈసారి ఏటి అవతల పాతపట్నం చుట్టాలు కూడా అదే పంపారు. మంత్రాలు చివరి కుర్చీదాకా వినబడాలంటే వాట్లు ఎక్కువున్న పెద్ద బాక్సులు వేదికకు రెండు పక్కలా పెట్టాలట. పంతులుగారికి కాలర్ మైకు, అంటే బట్టకి గుచ్చే చిన్న మైకు, తగిలిస్తే చాలట. సన్నాయికీ డోలుకీ మైకులు ఉండాలట. గొంతుకి కాస్త ఎకో కలపాలట. వీడియోకి కెమెరా మైకే సరిపోతుందట. ఇరవై ఏళ్లు మైకు సెట్టు మోసినవాణ్ని. ఇందులో కాస్తో కూస్తో నిజమున్నది కాలర్ మైకు మాట ఒక్కటే, అదీ సగమే.

ముందు వాట్ల సంగతి. 500 వాట్ల బాక్సు తీసి 1000 వాట్లది పెడితే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ (శబ్దానికి కొలత). ‘కొంచెం పెంచారు కాబోలు’ అనిపిస్తుంది, అంతే. చెవికి రెట్టింపు మోగినట్టుండాలంటే దాదాపు పది రెట్ల వాట్లు కావాలి. అదే పంతులుగారి నోటికి రెండడుగుల దూరంలో ఉన్న మైకును అరడుగుకి జరిపామనుకోండి, 12 డెసిబెల్స్ కలిసొస్తాయి. అంటే 16 రెట్ల వాట్లు పెట్టినట్టు. అద్దె రూపాయి పెరగదు. మైకు దూరంగా ఉంచి వాల్యూమ్ పెంచితే బాక్సుల శబ్దం మళ్లీ మైకులోనే దూరి, వచ్చేది మంత్రం కాదు, కూత.

పెద్ద బాక్సులు రెండూ వేదిక దగ్గరే ఉంటే ముందు వరుసలో పెద్దవాళ్లు చెవులు మూసుకుంటారు, వెనకాల వాళ్లకి గొణుగుడే మిగులుతుంది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ పడిపోతాయి. కల్యాణ మండపంలోనైతే వేరే గోల. టైల్స్ నేల, నున్నటి గోడలు, పైన రేకులు. శబ్దం వాటికి కొట్టుకుని తిరిగొచ్చి ఒక అక్షరం మీద ఇంకో అక్షరం పడుతుంది. చిన్న బాక్సులు నాలుగో ఆరో తీసుకుని, తలల కంటే ఎత్తులో, జనం వైపు కాస్త వంచి, దారి పొడుగునా పంచాలి. వెనక జత 20 మీటర్ల దూరంలో ఉందంటే ముందు బాక్సుల శబ్దం అక్కడికి చేరడానికి దాదాపు 58 మిల్లీసెకండ్లు పడుతుంది. వెనక బాక్సులు అంత ఆలస్యంగా మోగేలా డిలే పెట్టించండి. లేకపోతే అక్కడ కూర్చున్నవాళ్లకి ప్రతి మాటా రెండుసార్లు చెప్పినట్టుంటుంది.

ఇక కాలర్ మైకు. అసలు పంతులుగారికి కాలరేది? మా మేనకోడలి పెళ్లిలో దాన్ని ఆయన ఉత్తరీయానికి గుచ్చారు. అక్షతల పళ్లెం కోసం వంగినప్పుడల్లా హాలంతా బరబరమని గుడ్డ రాపిడి. కన్యాదానం వేళ ఆయన తల పక్కకి తిప్పితే సగం మాటలు గాల్లో కలిసిపోయాయి. పెళ్లికొడుకు వాళ్లు ఒడియా వాళ్లు. ఆడవాళ్లు హుళహుళి, అంటే నాలుక ఆడిస్తూ చేసే మంగళధ్వని, అందుకున్నారు, వెంటనే శంఖం. ఆ రకం మైకు చాలామటుకు అన్ని వైపులనుంచీ వింటుంది కదా, అదంతా అందులో దూరి బాక్సులు చిరిగిపోయేలా అరిచాయి. ఆపరేటర్ భోజనాల దగ్గరున్నాడు. ఎవరో టెన్షన్‌లో వైరు పీకేశారు. తర్వాత చాలాసేపు పంతులుగారు చెప్పింది పెళ్లిపీటల దాకానే.

చెవికి తగిలించే హెడ్‌సెట్ మైకు అడగండి. తల ఎటు తిరిగితే అదీ అటే తిరుగుతుంది. అది దొరక్కపోతే పొట్టి స్టాండు మీద ఒకవైపే వినే మామూలు మైకు పెట్టి, కూర్చున్న మనిషి నోటి ఎత్తుకి సర్దండి. తెలుగు పంతులుగారు, ఒడియా పురోహితుడు ఇద్దరూ ఉన్న పెళ్లిళ్లు మాకు కొత్త కాదు. మాట్లాడని ఆయన మైకు మూసి ఉంచాలి. హుళహుళిని ఎవరూ ఆపలేరు, ఆపకూడదు కూడా. ఆ కాసేపు వాల్యూమ్ దించడానికి మైకులన్నీ కలిసే మిక్సర్ దగ్గర ఒక మనిషి ఉంటే చాలు. ఆయన భోజనం అక్కడికే పంపించండి.

సన్నాయికి మైకెందుకో నాకిప్పటికీ అర్థం కాదు. హాలుకి అది ఊరికే సరిపోతుంది. తాళి కట్టే వేళ గట్టిమేళం మొదలయ్యాక మంత్రం ఎలాగూ వినబడదు. ఆ క్షణంలో తుమ్ములాంటిది చెవిన పడకూడదనే ఆ మేళం అని మా పెద్దలు చెప్పేవారు. దాంతో పోటీపడి వాల్యూమ్ పెంచకండి.

ఎకో పాటల కార్యక్రమానికి పెట్టుకోండి. మంత్రానికి వద్దు. హాలు ఇచ్చేదే ఎక్కువ. బాస్ కూడా తగ్గించమనండి. మాట తెలిసేది హల్లుల వల్ల, అవి ఎక్కువగా పైస్థాయి సన్నటి శబ్దాల్లో ఉంటాయి.

ఆ మెసేజ్‌లో లేని మాట ఇంకొకటుంది. మన ముహూర్తాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉన్న హాళ్లలో తప్ప లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. వీధిలో పందిరేసి రాత్రి ఒంటిగంటకి పెద్ద బాక్సులు మోగిస్తే పోలీసులు రావచ్చు.

కెమెరా మైకు గురించి ఎక్కువ చెప్పను. మిక్సర్ నుంచి ఒక వైరు లాగి చిన్న రికార్డర్‌కి ఇవ్వండి. మొదట్లో కెమెరాకి కనబడేలా, మైకు దగ్గర ఒక్కసారి చప్పట్లు కొడితే తర్వాత వీడియోతో కలపడం తేలిక. మా మేనకోడలి పెళ్లికి ఇదేమీ చేయలేదు. వీడియోలో సప్తపది దగ్గర స్పష్టంగా వినబడేది కెమెరా వెనక నిలబడ్డ మా బావగారి గొంతు ఒక్కటే: “వంకాయ కూర అయిపోయిందేటి?”