ఇష్టం ఉంటే జీతం అడగకూడదా?

"నీకు ఇష్టమైన పనే కదరా, ఇంకేం బాధ?" అని మా తమ్ముణ్ణి అడిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. అనంతపురం సప్తగిరి సర్కిల్ దగ్గర నెట్ సెంటర్లో గేములాడుతూ పెరిగినోడు, ఇప్పుడు హైదరాబాదులో ఒక గేమ్ స్టూడియోలో పనిచేస్తున్నాడు.

ఉగాదికి ఇంటికొచ్చి కూడా మిద్దె మీద ల్యాప్‌టాప్ ముందే కూర్చున్నాడు. గేములో మనిషి మెట్లెక్కుతుంటే కాలు మెట్టులోకి దిగబడుతోంది. దాన్ని సరిచేస్తే ఇంకోచోట చెయ్యి గోడలోంచి బయటికొస్తోంది. అమ్మ పెట్టిన ఓళిగలు పక్కనే చల్లారిపోయాయి. రిలీజ్ తేదీ ముందే చెప్పేస్తారు, పని మాత్రం మధ్యలో పెరుగుతూనే ఉంటుంది. ఆ తేడా అంతా ఈ పిల్లల నిద్రలోంచే కోస్తారు. ఓవర్‌టైమ్‌కు పైసా రాదు.

అమెరికాలోనూ ఇదే తంతు. 2004లో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే గేమ్ కంపెనీలో పనిచేసే ఒకతనికి కాబోయే భార్య అతని పని గంటల గురించి బయటపెట్టింది. ఓవర్‌టైమ్ కేసులు నడిచాయి, 2005లో గేముల బొమ్మలు తయారుచేసే ఆర్టిస్టుల కేసు ఒక్కదానికే ఆ కంపెనీ 1.56 కోట్ల డాలర్లకు రాజీ పడింది. అంత జరిగినా బుద్ధి రాలేదు ఈ పరిశ్రమకు. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ తన గేమింగ్ విభాగంలో 1,900 మందిని తీసేసింది. వాళ్లకు ఇష్టం లేకనా?

మావోడి టీమ్ లీడ్ రాత్రి పదకొండుకు ఫోన్ చేసి "ప్యాషన్ ఉన్నోడివి, నువ్వే చూడప్పా" అంటాడు. ప్యాషన్ చూసి బ్యాంకోళ్లు చదువు అప్పు మాఫీ చెయ్యరు కదా! చేసిన ప్రతి గంటకూ లెక్కగట్టి డబ్బులియ్యండి, ఆదివారం మా పిల్లోణ్ణి మాకు వదిలేయండి.