కుండీ చిల్లు మూయమన్న మహానుభావుడెవరో!

ఆ మెసేజ్ మళ్లీ వచ్చింది. మా పర్లాకిమిడి మొక్కల గ్రూపులో తెలుగులో ఒకసారి, ఒడియాలో ఇంకోసారి. "కుండీ మార్చేటప్పుడు అడుగు చిల్లు గట్టిగా మూసేయండి. దాని మీద, మట్టి కింద, రెండంగుళాలు గులకరాళ్లు పరవండి, నీళ్లు రాళ్లలోకి దిగిపోయి మట్టి పొడిగా ఉంటుంది. బొగ్గు వేస్తే వేరుకుళ్లు రాదు. రాగి నాణెం పెడితే పువ్వులు విరగబూస్తాయి. అందరికీ పంపండి." పంపుతూనే ఉన్నారు, మీకో దండం.

నాణెం దాచుకోండి, బదులుగా రెండు గుప్పెళ్ల గత్తం (పశువుల ఎరువు) వేయండి. బొగ్గు ఉన్నా లేకపోయినా, నీళ్లు నిలిచిన చోట వేరు కుళ్లుతుంది. ఈ రెండూ వదిలేద్దాం.

అసలు గొడవ రాళ్లతో. మట్టిలోని సన్న సందులు నీటిని పట్టి ఉంచుతాయి. రాళ్ల మధ్య సందులు పెద్దవి, అవి నీటిని లాగలేవు. అందుకే రాళ్లకి ఆనుకున్న మట్టి నానిపోయి, ఇక పట్టలేనంత అయ్యాకే చుక్క కిందికి జారుతుంది. ఆ బురదపొర ఎంత మందం అన్నది మట్టి రకాన్ని బట్టి ఉంటుంది, కుండీ లోతుని బట్టి కాదు. పదంగుళాల కుండీలో రెండంగుళాలు రాళ్లు పోశారనుకోండి. బురదపొర తగ్గదు, రెండంగుళాలు పైకెక్కి వేళ్ల దగ్గర కూర్చుంటుంది.

నమ్మకపోతే గిన్నెలు తోమే స్పాంజిని నీళ్లలో ముంచి అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పండి. మళ్లీ కారుతుంది. ఎత్తు పెరిగితేనే నీళ్లు దిగుతాయి. మీరేమో రాళ్లు పోసి మట్టి ఎత్తు తగ్గిస్తున్నారు.

పైగా చిల్లు కూడా మూసేయాలట! రథయాత్ర నాటికి వానలు పట్టుకుంటాయి. డాబా మీద కుండీ నాలుగు రోజులు వరసగా తడిస్తే ముందు రాళ్ల సందులు, తర్వాత మట్టి నిండిపోతాయి. వేళ్లకి గాలి ఆడదు. మందారం ఆకులు వాల్చేస్తుంది. అప్పుడు మనవాళ్లు "అయ్యో, దాహం వేసినట్టుంది" అని ఇంకో చెంబు పోస్తారు. చివరికి కుండీ బోర్లిస్తే గుప్పున మురుగు వాసన. నల్లబడ్డ వేరుని చేతివేళ్లతో లాగితే పైతొక్క జారిపోయి లోపల దారంలాంటి ఈనె చేతిలో మిగులుతుంది. దాని ఫోటో గ్రూపులో పెట్టి "ఏ మందు కొట్టాలి?" అంటారు. మందా? మెసేజ్ రాసినవాణ్ణే అడగండి, వాడి దగ్గర ఇంకో నాణెం ఉంటుంది.

"మరి మట్టి కొట్టుకుపోతుంది కదా పిన్నీ" అంటుంది మా వీధి పిల్ల. మొదట్లో కాస్త పోతుంది, పోనీ. చిల్లు మరీ పెద్దదైతే పాత దోమతెర ముక్క పరవండి, లేదా వంపున్న పెంకు బోర్లించండి. ఎర్రమట్టి, ముతక ఇసుక, కోకోపీట్ (కొబ్బరిపీచు పొట్టు), గత్తం కలిపి, అడుగు నుంచి పైదాకా ఒకే గుల్లమట్టి నింపండి. కుండీ కింద ఇటుక ముక్కలు పెట్టండి, లేకపోతే గచ్చే చిల్లుకి మూతవుతుంది.

ఒక్క చోట మాత్రం నేనూ రాళ్ల పక్షమే. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మన గజపతి జిల్లాని ఏం చేసిందో చూశాం కదా. తేలికపాటి ప్లాస్టిక్ కుండీలో పొడుగాటి మొక్క ఉంటే, అడుగున రాళ్ల బరువు గాలికి ఒరిగిపోకుండా ఆపుతుంది. ఆ పనికైతే వేసుకోండి, నేను నోరెత్తను. రాళ్లు మింగే రెండంగుళాలూ లెక్కేసుకుని కుండీ ఒక సైజు పెద్దది కొనండి, చిల్లు జోలికి మాత్రం పోకండి.